సారథి తప్పుకుంటే పగ్గాలెవరికి?

బిష్టుపూర్ (జంషెడ్‌పూర్): భారత టెస్టు క్రికెట్ జట్టుకు నాయకుడు మారిన ప్రతిసారీ వారసుని ఎంపిక వివాదంగానో, విస్మయంగానో పరిణమించడం ఆనవాయితీగా మారింది. 2008 నుంచి 2025 వరకు నలుగురు పూర్తికాల సారథులు ఆ పదవిని వదిలిపెట్టారు. వారిలో అనిల్ కుంబ్లే, మహేంద్రసింగ్ ధోనీ సిరీస్ మధ్యలోనే తప్పుకున్నారు. విరాట్ కోహ్లీ సిరీస్ ఓడిన మరునాడు వైదొలిగారు. రోహిత్ శర్మ ఇంగ్లండ్ పర్యటనకు ఆరు వారాల ముందు వీడ్కోలు పలికారు. ఫలానా తేదీన దిగిపోతానని ముందుగా ప్రకటించి, వారసునికి వ్యవధి ఇచ్చి తప్పుకున్నవారు ఈ నలుగురిలో ఒక్కరూ లేకపోవడం గమనార్హం.

ఉక్కునగరం జంషెడ్‌పూర్‌లో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. నగర వాణిజ్య కేంద్రమైన బిష్టుపూర్ సమీపంలోని కీనన్ స్టేడియంలోనే ధోనీ రంజీ ప్రస్థానం ఆరంభమైంది. 2000 జనవరిలో అస్సాంతో జరిగిన మ్యాచ్‌లో అప్పటి ఉమ్మడి బీహార్ జట్టు తరఫున తొలిసారి బరిలోకి దిగిన ఆ వికెట్ కీపర్, రెండో ఇన్నింగ్స్‌లో 68 పరుగులతో అజేయంగా నిలిచాడు. అదే ఏడాది నవంబరులో జార్ఖండ్ ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ యువకుడు భారత టెస్టు జట్టుకు పూర్తికాల నాయకుడయ్యాడు.

1983 నుంచి అంతర్జాతీయ వన్డేలకు వేదికగా నిలిచిన కీనన్‌లో 2006 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌తో జరిగినదే చివరి వన్డే. ఆ మ్యాచ్‌లో ధోనీ 96 పరుగులు చేసినా భారత్ పరాజయం పాలైంది. అనంతరం రాష్ట్రంలో అంతర్జాతీయ మ్యాచ్‌లు రాంచీకి తరలిపోయాయి.

మెల్‌బోర్న్‌లో అనూహ్య ప్రకటన

2014 డిసెంబరు 30న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో మూడో టెస్టు డ్రాగా ముగిసింది. నాలుగు టెస్టుల సిరీస్‌లో భారత్ అప్పటికి 0-2తో వెనుకబడి ఉంది. మ్యాచ్ ముగిసిన కొద్దిసేపటికే ధోనీ టెస్టులనుంచి తక్షణం విరమించుకుంటున్నట్లు క్రికెట్ బోర్డు ప్రకటించింది. అన్ని రకాల పోటీల్లోనూ ఆడవలసి రావడంవల్ల కలిగిన ఒత్తిడిని కారణంగా పేర్కొంది. 90 టెస్టుల్లో 4,876 పరుగులు చేసిన ధోనీ, 60 టెస్టులకు నాయకత్వం వహించి 27 విజయాలు సాధించాడు. 18 టెస్టులు ఓడగా 15 డ్రా అయ్యాయి.

ఈ గణాంకాల్లో రెండు ముఖాలున్నాయి. 2009 డిసెంబరులో భారత్‌ను టెస్టు ర్యాంకింగుల్లో తొలిసారి అగ్రస్థానానికి చేర్చిన ఘనత ధోనీదే. 2013లో స్వదేశంలో ఆస్ట్రేలియాను 4-0తో ఓడించిన జట్టూ అతనిదే. కాగా 2011లో ఇంగ్లండ్‌లోనూ, ఆ వెంటనే ఆస్ట్రేలియాలోనూ జట్టు 0-4తో చిత్తయింది. స్వదేశంలో తిరుగులేని సారథి, విదేశాల్లో నిస్సహాయుడు అన్న విమర్శ చివరివరకు ధోనీని వెన్నాడింది.

అయితే వారసుని విషయంలో బోర్డు వెతుక్కోవలసిన అవసరం రాలేదు. అదే సిరీస్ తొలి టెస్టుకు ధోనీ బొటనవేలి గాయంతో దూరం కాగా, 26 ఏళ్ల కోహ్లీ అడిలైడ్‌లో జట్టును నడిపించాడు. రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు సాధించాడు. 364 పరుగుల లక్ష్యాన్ని డ్రా కోసం కాక గెలుపు కోసమే వెంటాడిన భారత్ 48 పరుగుల తేడాతో ఓడింది. ఓటమి ఎదురైనా కొత్త సారథి ధోరణి ఏమిటో ఆ ఒక్క మ్యాచ్‌తోనే తేటతెల్లమైంది. జంషెడ్‌పూర్‌కు చెందిన ఫాస్ట్ బౌలర్ వరుణ్ ఆరోన్ ఆ టెస్టులో ఆడాడు. ఆరోన్ 2011లో ధోనీ సారథ్యంలోనే టెస్టుల్లో అడుగుపెట్టాడు.

నాయకుని మార్పు కేవలం పేరు మార్పు కాదనడానికి కోహ్లీ హయామే నిదర్శనం. అయిదుగురు బౌలర్లతో ఆడాలన్న పట్టుదల, ఫాస్ట్ బౌలర్లకు పెద్దపీట అతని విధానాలయ్యాయి. 68 టెస్టుల్లో 40 విజయాలతో భారత సారథుల్లో అతడే అగ్రస్థానంలో నిలిచాడు. 2018-19లో ఆస్ట్రేలియా గడ్డపై భారత్ తొలిసారి సిరీస్ గెలుచుకుంది.

కుంబ్లే నుంచి ధోనీకి పగ్గాలు మారినప్పుడూ ఇదే తరహా ఏర్పాటు అక్కరకు వచ్చింది. 2008 నవంబరు 2న ఢిల్లీ టెస్టు ముగిశాక గాయపడిన కుంబ్లే రిటైరయ్యాడు. అప్పటికే వన్డే జట్టు సారథిగా, కుంబ్లే లేనప్పుడు టెస్టు సారథిగా వ్యవహరించిన ధోనీ నాగపూర్‌లో గెలిచి సిరీస్‌ను 2-0తో ముగించాడు.

ఒకే సిరీస్‌లో నలుగురు!

వారసత్వం గాడితప్పితే ఏమవుతుందో తెలుగు పాఠకులకు సుపరిచితమైన పేర్లే చెబుతాయి. 1932లో భారత్ ఆడిన తొలి టెస్టుకు నాయకుడు తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు. 1936 ఇంగ్లండ్ పర్యటనకు ఆయనను కాదని విజయనగరం మహరాజ్‌కుమార్‌కు పగ్గాలు అప్పగించారు. జట్టులోకెల్లా మేటి ఆటగాడు ఆటలో తనకు సాటిరాని నాయకుని కింద ఆడవలసి వచ్చింది. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట పర్యటన మధ్యలోనే స్వదేశానికి పంపివేశారు. మూడు టెస్టుల సిరీస్ 0-2తో చేజారింది.

1958-59లో పరిస్థితి మరింత దిగజారింది. వెస్టిండీస్‌తో స్వదేశంలో జరిగిన అయిదు టెస్టులకు నలుగురు సారథులు మారారు. బొంబాయిలో పాలీ ఉమ్రిగర్, కాన్పూర్, కలకత్తాలలో హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ నాయకత్వం వహించారు. కలకత్తాలో ఇన్నింగ్స్ 336 పరుగుల తేడాతో ఘోర పరాజయం ఎదురయ్యాక గులాం అహ్మద్ తప్పుకున్నారు. మద్రాసు టెస్టుకు మళ్లీ నియమితుడైన ఉమ్రిగర్ జట్టు ఎంపికపై విభేదించి మ్యాచ్ ముంగిట రాజీనామా చేయగా, వినూ మన్కడ్ బాధ్యత స్వీకరించారు. ఢిల్లీలో హేమూ అధికారి వంతు వచ్చింది. సిరీస్ 0-3తో ముగిసింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ 1962 నాటిది. బార్బడోస్‌లో బంతి తలకు తగిలి నారీ కంట్రాక్టర్ ప్రాణాపాయ స్థితికి చేరుకోగా, ఉపసారథి మన్సూర్ అలీఖాన్ పటౌడీ 21 ఏళ్ల వయసులో పగ్గాలు చేపట్టాడు. అంత చిన్న వయసులో ఉపసారథి పదవి ఇవ్వడంలోని దూరదృష్టి ఆ విపత్తులో ఫలించింది. అనంతర కాలంలో పటౌడీ రంజీల్లో హైదరాబాద్‌కు ఆడాడు. 1968లో న్యూజిలాండ్‌లో భారత్‌కు తొలి విదేశీ సిరీస్ విజయాన్ని అందించాడు. 1990లో కృష్ణమాచారి శ్రీకాంత్ స్థానంలో హైదరాబాదీ మహమ్మద్ అజారుద్దీన్ నియామకం కూడా అనూహ్యమైనదే. అయినా అజారుద్దీన్ 47 టెస్టులకు నాయకత్వం వహించి, అప్పటికి రికార్డుగా నిలిచిన 14 విజయాలు సాధించాడు.

కర్మాగారం నేర్పే పాఠం

బిష్టుపూర్ పరిసరాల్లోనే టాటా స్టీల్ కార్యాలయాలున్నాయి. ఆంధ్ర ప్రాంతంనుంచి ఉపాధికై వలసవచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ కర్మాగారమే ఆధారమైంది. 2001లో జె.జె. ఇరానీ తరువాత ముత్తురామన్, 2009లో నెరూర్కర్, 2013లో టి.వి. నరేంద్రన్ సంస్థ మేనేజింగ్ డైరెక్టర్లయ్యారు. అందరూ ఆ సంస్థలోనే ఏళ్ల తరబడి పనిచేసి ఎదిగినవారే. పదవీ విరమణ వయసు ముందే తెలుసు గనుక వారసుని తీర్చిదిద్దేందుకు సంస్థలకు వ్యవధి దొరుకుతుంది. క్రికెట్ సారథికి అటువంటి వయోపరిమితి లేదు. ఫామ్, గాయం, మనసు - ఈ మూడింటిలో ఏది ముందు మొరాయించినా పదవి ఖాళీ అవుతుంది.

2022లో ఇది మరోమారు రుజువైంది. జనవరి 15న కోహ్లీ వైదొలగగా, 34 ఏళ్ల రోహిత్‌కు ఫిబ్రవరిలో పగ్గాలిచ్చారు. గాయాలు, అనారోగ్యాల మూలంగా ఆ ఒక్క ఏడాదిలోనే కె.ఎల్. రాహుల్, కోహ్లీ, రోహిత్, జస్‌ప్రీత్ బుమ్రా టెస్టు జట్టును నడిపించవలసి వచ్చింది.

ఆర్థిక కోణాన్నీ విస్మరించడానికి వీల్లేదు. ఇరవై ఓవర్ల పోటీల్లో అపార ధనం పారుతున్న ఈ కాలంలో అయిదు రోజుల ఆటపై యువతకు మక్కువ నిలపడం బోర్డుకు సవాలుగా మారింది. దేశవాళీ క్రికెట్‌ను పక్కనపెట్టారన్న చర్చ నడుమ 2024 ఫిబ్రవరిలో జార్ఖండ్ ఆటగాడు ఇషాన్ కిషన్, శ్రేయాస్ అయ్యర్ వార్షిక కాంట్రాక్టులు కోల్పోయారు. మరుసటి నెలలోనే బోర్డు టెస్టు ప్రోత్సాహక పథకాన్ని ప్రకటించింది. సీజన్‌లోని టెస్టుల్లో 75 శాతానికి మించి తుది జట్టులో ఆడినవారికి 15 లక్షల రూపాయల మ్యాచ్ ఫీజుకు అదనంగా మ్యాచ్‌కు 45 లక్షల వంతున చెల్లిస్తారు. టెస్టులు ఆడేందుకే తాయిలం అవసరమైన చోట, టెస్టు సారథ్యానికి సర్వసిద్ధంగా ఉన్నవారి సంఖ్య పరిమితం కావడం సహజం.

గిల్ ఎదుట పరీక్ష

రోహిత్ 2025 మే 7న, కోహ్లీ మే 12న టెస్టులకు స్వస్తి చెప్పారు. సెలెక్టర్ల ముందు రెండు మార్గాలు నిలిచాయి. 2024 నవంబరులో పెర్త్‌లో 295 పరుగుల విజయానికి సారథ్యం వహించిన బుమ్రా అనుభవజ్ఞుడే. కాని గాయాల బెడద ఉన్న ఫాస్ట్ బౌలర్ అన్ని టెస్టులూ ఆడగలడన్న భరోసా లేదు. దాంతో మే 24న అజిత్ అగార్కర్ నాయకత్వంలోని సంఘం 25 ఏళ్ల శుభ్‌మన్ గిల్‌ను ఎంపిక చేసింది. సమర్థతతోపాటు అందుబాటులో ఉండగలగడాన్నీ కొలబద్దగా తీసుకున్న నిర్ణయమది.

ఇంగ్లండ్‌లో గిల్ 754 పరుగులు సాధించాడు. ఎడ్జ్‌బాస్టన్‌లో భారత్ తొలి విజయం నమోదు చేసింది. ఓవల్‌లో హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ చివరి రోజున విజృంభించగా ఆరు పరుగులతో గెలిచి సిరీస్‌ను 2-2తో సమం చేసింది. ఇదిలావుండగా అదే ఏడాది నవంబరులో కోల్‌కతాలో గిల్ మెడ నొప్పితో మైదానం వీడాడు. గువాహటిలో పగ్గాలు చేపట్టిన రిషబ్ పంత్ జట్టు దక్షిణాఫ్రికా చేతిలో 408 పరుగుల తేడాతో ఓడి సిరీస్‌ను 0-2తో కోల్పోయింది.

సారథి ఎంత యువకుడైనా రెండో నాయకుడు సిద్ధంగా ఉండక తప్పదని ఈ ఉదంతం హెచ్చరించింది. ధోనీ, కోహ్లీ, పటౌడీలు పగ్గాలు చేపట్టింది అకస్మాత్తుగానే అయినా, ఆ ముగ్గురికీ అంతకుముందే ఉపసారథులుగానో, తాత్కాలిక సారథులుగానో బాధ్యత అప్పగించి ఉండడం వల్లనే జట్టు నిలదొక్కుకుంది. నాయకుడు ఎప్పుడు తప్పుకుంటాడో బోర్డు నిర్ణయించలేదు. ఆ రోజున ఎవరు ముందుకు రావాలో మాత్రం ముందుగానే నిర్ణయించుకోవచ్చు.