ఓటుకు తగ్గ సీటు

2019 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు వచ్చాయి, 175లో దక్కిన సీట్లు 23. 2024లో వైఎస్సార్‌సీపీకి వచ్చిన ఓట్లూ 39 శాతం పైచిలుకే, దక్కినవి 11. మీరు ఏ పార్టీ అభిమాని అయినా సరే, పేర్లు పక్కనపెట్టి ఈ అంకెలు చూడండి. నూటికి దాదాపు నలభై మంది ఒకవైపు నిలబడినా సభలో వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు గుప్పెడు మంది.

లోక్‌సభకూ ఇదే లెక్క. 2014లో బీఎస్పీకి దేశమంతటా రెండు కోట్ల పైన ఓట్లు పడినా ఒక్క సీటూ రాలేదు. అదే ఎన్నికల్లో బీజేపీ 31 శాతం ఓట్లతో 282 సీట్లు తెచ్చుకుంది. తప్పు ఏ పార్టీదీ కాదు. నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు, గెలిచినట్టే. తక్కిన ఓట్లు ఎన్ని ఉన్నా సభ దాకా చేరవు.

నేను పంతులుగా పనిచేసినన్నాళ్లూ పోలింగ్ డ్యూటీలు చేశాను. తెల్లవారకముందే ఏజెంట్లను కూర్చోబెట్టి మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేయించి, లెక్క సరిపోయిందని చూపించి, యంత్రం ముద్రించిన చీటీలను నల్ల కవరులో పెట్టి సీలు వేసేవాళ్లం. సాయంత్రం యంత్రంలోని మొత్తానికీ రిజిస్టరులోని సంఖ్యకూ ఒక్క ఓటు తేడా ఉన్నా కారణం రాయాల్సిందే. పోలైన ఓట్ల లెక్క రాసే 17సి ఫారం నకలు ఏజెంట్ల చేతిలో పెట్టాకే కదలాలి. ఒక్క ఓటుకు అంత విలువ ఇచ్చే మనం, ఓడిన అభ్యర్థికి పడిన లక్షల ఓట్లను కౌంటింగ్ రోజున వదిలేస్తున్నాం. నా బాధ అదే.

న్యూజిలాండ్‌లోనూ ఒకప్పుడు మన పద్ధతే. 1978లో, మళ్లీ 1981లో అక్కడి లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చినా నేషనల్ పార్టీయే ప్రభుత్వం ఏర్పాటు చేసింది. 1981లో సోషల్ క్రెడిట్ అనే మూడో పార్టీకి 20 శాతం ఓట్లు పడితే దక్కినవి రెండే సీట్లు. జనం ఊరుకోలేదు. 1993 రెఫరెండంలో పద్ధతి మార్చుకున్నారు. 1996 నుంచి ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు: ఒకటి స్థానిక అభ్యర్థికి, రెండోది పార్టీకి. పార్టీ ఓట్ల వాటాకు తగ్గట్టు ఆ పార్టీ ఇచ్చిన అభ్యర్థుల జాబితా నుంచి సీట్లు భర్తీ చేస్తారు.

మన పక్కనున్న నేపాల్‌లో ప్రతినిధుల సభకు 165 మంది నేరుగా, 110 మంది పార్టీ జాబితాల నుంచి వస్తారు. 2022లో నేరుగా గెలిచిన మహిళలు తొమ్మిది మందే. సభలో మూడో వంతు మహిళలు కూర్చోగలిగారంటే అది జాబితాల పుణ్యమే. అయితే జాబితాల్లో నాయకుల బంధువులు దూరుతున్నారన్న విమర్శ అక్కడ గట్టిగానే ఉంది. మన దగ్గరా అలా జరగకూడదంటే జాబితాలోని పేర్లను పార్టీ సభ్యులే ఓటేసి ఎన్నుకోవాలి.

ఉన్న నియోజకవర్గాలను తీసేయమని నేననను. రోడ్డు, తాగునీరు అడగడానికి ఊరికి ఒక ఎంపీ, ఒక ఎమ్మెల్యే ఉండాలి. వాటికి తోడుగా జాబితా సీట్లు కావాలి. ఇది కొత్త మాటేమీ కాదు. లోక్‌సభ సీట్లను మరో పాతిక శాతం పెంచి, పెంచినవాటిని ఓట్ల వాటా ప్రకారం నింపమని లా కమిషన్ 1999లోనే చెప్పింది. ఇప్పటికీ అమలు కాలేదు. ఈసారి ఓటడగడానికి మీ గడప తొక్కిన ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీవారైనా సరే, ఆ సిఫారసు సంగతేమిటని అడగండి.