ఒక్క మాటను నమ్మని యంత్రములు

పాల్మాకుల పొలముల గట్టున నిలిచి ఆకాశమువంక చూచువారికి శంషాబాదున దిగు విమానములు ఒకదాని వెనుక నొకటి కనబడుచుండును. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీ మొదలు ఈ విమానాశ్రయము పనిచేయుచున్నది. ఇన్ని విమానములు ఒకదానినొకటి తాకక దిగుట యెట్లు? ప్రతి విమానమును తానున్న చోటు నెరిగి, ఆ సంగతిని నేలమీది అధికారులకును తోడి విమానములకును తెలుపుచుండుటచేతనే.

చోటు నెరుగుటకు ముఖ్యసాధనము జి.పి.ఎస్. దాని ఉపగ్రహముల సంకేతములు సుమారు 20,000 కిలోమీటర్ల యెత్తునుండి వచ్చుటచే మిక్కిలి బలహీనములై యుండును. నేలమీద నెవడైన అంతకంటె బలమైన దొంగ సంకేతమును పుట్టించినయెడల, విమానయంత్రము దానినే నిజమని నమ్మవచ్చును. ఇది కల్పన కాదు. ఇట్టి సంఘటనలు తెలియవచ్చిన విమానాశ్రయములలో హైదరాబాదును గలదని, కేంద్ర విమానయాన మంత్రియగు కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు 2025 డిసెంబరు 1వ తేదీని రాజ్యసభకు తెలిపిరి.

గుంపులో నొకటి అబద్ధమాడినను తక్కినవి చెడకుండుట యెట్లు? విద్యార్థులారా, ఒక లెక్క చేయుడు. ఐదు డ్రోనులు ఒకే యెత్తున ఎగురగోరి, తమ తమ యెత్తులను పరస్పరము చెప్పుకొని, సగటు తీయుచున్న వనుకొందము. నాలుగు డ్రోనులు 99, 100, 101, 102 అడుగులని నిజము పలికెను. శత్రువు చేజిక్కిన యైదవది 500 అడుగులనెను. సగటు 180 అడుగులు దాటును. ఒక్క అబద్ధము అందరిని పెడత్రోవ పట్టించినది. ఇప్పుడు అన్నిటికంటె పెద్ద సంఖ్యను, అన్నిటికంటె చిన్న సంఖ్యను కొట్టివేసి, మిగిలినవాటి సగటు తీయుడు. 101 వచ్చును. అబద్ధికుడెవడో తెలియకున్నను అతని అబద్ధము పనిచేయలేదు. అతడు తెలివిగా 101 అని పలికినను హాని లేదు. ఫలము నిజమైన సంఖ్యల నడుమనే యుండును. అబద్ధికులు ఇద్దరైనచో ఇరుప్రక్కలను రెండేసి కొట్టివేయవలెను. కావున శత్రువులు పెరిగినకొలది నమ్మదగిన సభ్యులు అంతకు మించి పెరుగవలెను.

అయితే సంఖ్యాబలమొక్కటే చాలదు. ఒక విమానమున మూడు జి.పి.ఎస్. యంత్రములున్నను, మూడును ఆ దొంగ సంకేతమునే వినినచో మూడును కలిసి తప్పుదురు. అందుచేతనే విమానములో తన చలనమును తానే లెక్కించుకొను వేరొక యంత్రముండును; నేలమీద రాడారును, దిగు త్రోవను చూపు రేడియో సాధనములును ఉండును. వీటిలో నేదియు ఉపగ్రహముల మాటపై ఆధారపడి తన మాట చెప్పదు. జి.పి.ఎస్. తప్పినను ప్రయాణికులు క్షేమముగా దిగుటకు ఈ స్వతంత్రసాక్ష్యములే కారణము.

ఈ నియమము మనకును వర్తించును. సెల్‌ఫోనులో నొక వార్త పదిమంది పంపిరని నమ్మకుడు. ఆ పదిమందియు దానిని ఒక్కనివలననే వినియుండినయెడల, అది పది సాక్ష్యములు కాదు, ఒక్క సాక్ష్యమే.