షార్పెనింగ్ (ఛాయాచిత్రకళ)

షార్పెనింగ్ అనగా డిజిటల్ ఛాయాచిత్రంలోని అంచులు మరింత స్పష్టంగా కనిపించేలా చిత్రాన్ని సవరించే ప్రక్రియ. అంచుకు ఇరువైపులా ఉన్న వెలుగునీడల తేడాను ఇది పెంచుతుంది. చిత్రంలో నమోదు కాని వివరాలను మాత్రం తీసుకురాలేదు.

అవసరం

చాలా కెమెరాల సెన్సారులో ఒక్కొక్క పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులలో ఒక్కదానినే గ్రహిస్తుంది. మిగిలిన రెండు రంగులను పక్క పిక్సెళ్ళ ఆధారంగా లెక్కకడతారు. ఇందువల్ల అంచులు కొంత మెత్తబడతాయి. చిత్రం పరిమాణాన్ని తగ్గించినపుడు కూడా ఇలాగే జరుగుతుంది.

పనిచేసే విధానం

బాగా వాడుకలో ఉన్న పద్ధతి అన్‌షార్ప్ మాస్క్. ఇది ఫిలిం కాలపు డార్క్‌రూములలో పుట్టింది. అప్పట్లో నెగటివ్‌కు ఒక మసక పాజిటివ్ ప్రతిని జతచేసి ముద్రించేవారు. ఆ మసక ప్రతి వల్లనే ఈ పేరు వచ్చింది. కంప్యూటరులో మూలచిత్రం నుండి మసక ప్రతిని తీసివేసి, వచ్చిన తేడాను మూలానికి కలుపుతారు. ఉదాహరణకు అంచు వద్ద పిక్సెళ్ళ విలువలు 100, 160 అనుకుందాం. మసక ప్రతిలో అవి 110, 150 అయితే తేడాలు -10, +10. వీటిని పూర్తిగా కలిపితే 90, 170 వస్తాయి. అంటే అంచు వద్ద తేడా 60 నుండి 80కి పెరుగుతుంది.

ఫోటోషాప్, గింప్ వంటి సాఫ్ట్‌వేర్లలో దీనికి మూడు విలువలు ఉంటాయి:

* అమౌంట్: తేడాను ఎంత మేరకు కలపాలి
* రేడియస్: అంచు చుట్టూ ఎంత దూరం మార్పు జరగాలి
* థ్రెషోల్డ్: ఎంతకు తక్కువ తేడా ఉన్న చోట్లను వదిలివేయాలి

ఉదాహరణ

1924 డిసెంబరు 25న ప్రారంభమైన మెదక్ చర్చి గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. ఆకాశం నేపథ్యంగా తీసిన గోపురం చిత్రంలో రేడియస్ మితిమీరితే శిఖరం చుట్టూ తెల్లని అంచు ఏర్పడుతుంది. దీనిని హేలో అంటారు. చర్చి లోపలి రంగుటద్దాల కిటికీలను తక్కువ వెలుతురులో, ఎక్కువ ఐఎస్ఓతో తీస్తే నీడలలో నాయిస్ చేరుతుంది. షార్పెనింగ్ దానిని కూడా పెంచుతుంది. థ్రెషోల్డ్ పెంచడం, కిటికీ భాగానికి మాత్రమే షార్పెనింగ్ చేయడం దీనికి పరిష్కారాలు.

పరిమితులు

ఫోకస్ బాగా తప్పిన, కెమెరా కదిలిన చిత్రాలను ఈ పద్ధతి సరిచేయలేదు. కృత్రిమ మేధతో పనిచేసే కొన్ని సాధనాలు లేని వివరాలను ఊహించి చేరుస్తాయి. అటువంటి చిత్రంలో అద్దంపై కనిపించే గీత అసలు కిటికీలో లేకపోవచ్చు. అందువలన చారిత్రక కట్టడాలను నమోదు చేసేవారు మూల ఫైలును మార్చకుండా భద్రపరచి, పరిమాణం మార్చిన తరువాత చివరి దశలో, నకలు ప్రతిపైనే షార్పెనింగ్ చేయడం మంచిది.