రైలు పోయింది, దారి మిగిలింది

ఉత్తర వర్జీనియాలో ఉండే మనవాళ్ళతో "ట్రెయిల్ మీదికి వెళ్దామా?" అంటే ఏ ట్రెయిల్ అని ఎవరూ అడగరు. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ అనే పూర్తి పేరు నోరు తిరగదు కాబట్టి అందరికీ అది డబ్ల్యూ అండ్ ఓడీ. ఆర్లింగ్టన్‌లోని షిర్లింగ్టన్ దగ్గర మొదలై వియన్నా, హెర్న్‌డన్, ఆష్‌బర్న్, లీస్‌బర్గ్‌ల మీదుగా పర్సెల్‌విల్ దాకా 45 మైళ్ళు. నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. వియన్నా దాటాక పక్కనే గుర్రాలకు మట్టిదారి కూడా ఉంది.

ఇది ఒకప్పుడు రైలుదారి. బాల్టిమోర్ వర్తకులు తమ రైలుతో పడమటి సరుకంతా లాగేసుకుంటున్నారని అలెగ్జాండ్రియా వర్తకులకు గుబులు పుట్టింది. బ్లూరిడ్జ్ కొండలు దాటి బొగ్గు గనుల దాకా పట్టాలు వేద్దామనుకున్నారు. 1860కి రైలు లీస్‌బర్గ్ చేరింది. మరుసటి ఏడే అంతర్యుద్ధం. పట్టాలు పీకేశారు, వంతెనలు కూల్చేశారు. తర్వాత మళ్ళీ వేసి కొండల అంచుదాకా తీసుకెళ్ళారు గానీ, కొండ దాటడం మాత్రం ఆ రైలు వల్ల కాలేదు. పాలక్యాన్లూ ప్రయాణికులూ మోసి, కొన్నాళ్ళు కరెంటు మీద నడిచి, లారీలతో పోటీపడలేక 1968లో ఆగిపోయింది.

ఆ తర్వాత ఆ స్థలాన్ని చాలామేరకు కొన్నది కరెంటు కంపెనీ. ట్రెయిల్ పొడుగునా నెత్తిమీద కనబడే హైటెన్షన్ తీగలను చూసి మనం విసుక్కుంటాం కానీ, 100 అడుగుల వెడల్పు పట్టీ ముక్కలై ఇళ్ళస్థలాలుగా అమ్ముడు పోకుండా నిలిచిందంటే వాటి పుణ్యం కొంత ఉంది. ప్రాంతీయ పార్కుల సంస్థ ఆ స్థలం కొని, ముక్కముక్కగా తారు వేస్తూ 1988కి పర్సెల్‌విల్ చేరింది. ఆష్‌బర్న్ దగ్గర ఇప్పుడు ఆ దారి పక్కన డేటా సెంటర్లు లేచాయి. కిటికీల్లేని ఆ గోడల పక్కనే మన ఐటీ జనం సాయంత్రం నడక.

రైలుదారి గొప్పతనం మోకాళ్ళకే బాగా తెలుస్తుంది. ఆవిరి ఇంజను నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకే గుట్ట వస్తే తవ్వారు, పల్లం వస్తే మట్టి పోశారు. ఆనాడు ఇంజను కోసం పడ్డ ఆ శ్రమ, ఇవాళ డెబ్భై ఏళ్ళ అత్తగారు ఆయాసం లేకుండా రెండు మైళ్ళు నడవడానికి పనికొస్తోంది.

మన ఊళ్ళ నుంచి ఆరునెలలకు వచ్చే అమ్మానాన్నలకు ఇక్కడ కారు నడపడం రాదు, బస్సు ఉండదు. పొద్దున పిల్లలు ఆఫీసుకూ మనవలు స్కూలుకూ వెళ్ళిపోతే ఇల్లే జైలు. ట్రెయిల్‌కు దగ్గర్లో ఇల్లున్నవాళ్ళకు ఆ బాధ సగం తీరుతుంది. "మీది ఏ ఊరండీ?" అనడానికి బెంచీ ఒకటి చాలు. గుంటూరాయన, కరీంనగరాయన అక్కడే కలుస్తారు, మనవడి బడి దగ్గర్నించి మోకాలి ఆపరేషన్ దాకా మాట్లాడుకుంటారు.

చిక్కల్లా సైకిళ్ళతో. వెనకనుంచి వచ్చేవాడు "ఆన్ యువర్ లెఫ్ట్!" అని అరుస్తాడు. మీ ఎడమ పక్కనుంచి దాటుతున్నాను, కుడివైపే ఉండండి అని అర్థం. లెఫ్ట్ అన్నమాట ఒక్కటే చెవినబడి మన పెద్దవాళ్ళు ఎడమకే జరుగుతారు! పైగా మన దేశంలో ఎడమపక్కన నడిచిన అలవాటు. సైక్లిస్టులు మాటకు బదులు గంట కొడితే బాగుండునని నా అభిప్రాయం. గంటకు అనువాదం అక్కర్లేదు. అలాగని తప్పంతా వాళ్ళదే అనలేం. నలుగురు వరసగా దారంతా పరుచుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి నడవడం మనవాళ్ళకు మామూలే.

అమ్మానాన్నలు వచ్చిన మొదటి వారంలోనే ఒకసారి పక్కన నడిచి ఈ కుడిపక్క సంగతి చెప్పండి. వేసవి ఎండకు మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టండి. దారి పక్కన అర మైలుకొకటి చొప్పున అంకె వేసిన గుర్తులుంటాయి, షిర్లింగ్టన్ సున్నా. కళ్ళు తిరిగినా, కాలు మడతపడినా, ఫోన్‌లో "ఇక్కడ చెట్లున్నాయి" అంటే ఎవరికీ అర్థం కాదు. దగ్గర్లోని గుర్తు మీది అంకె చెబితే చాలు.