బండి వేగము, బలము



చెఱకు నింపిన రెండెడ్ల బండిని కదలించుటకు ఎడ్లెంత శ్రమపడునో మీకు నేను చెప్ప నక్కఱలేదు. అదే బండి పల్లములో పరుగందుకొన్న పిదప దానిని నిలుపుట మఱింత కష్టము. వట్టి బండి యైనచో అంత చిక్కులేదు. ఇందలి కారణమును ఇంగ్లండు దేశీయుడగు న్యూటన్ 1687లో ప్రకటించిన గ్రంథమున వివరించెను.

కదలు వస్తువునందలి పదార్థపు రాశిని దాని వేగముచే గుణింపగా వచ్చునది ద్రవ్యవేగము. బయటినుండి బలము తగిలిననే గాని ఇది మారదు. ఆ మార్పు ఎంత స్వల్పకాలమున జరుగవలెనో, అంత అధికబలము కావలయును. మామిడిపండ్ల బుట్ట అడుగున వరిగడ్డి పఱచుట యిందులకే. గడ్డి అణగుచుండగా పండు మెల్లగా నిలుచును; కాలము పెరుగుటచే దెబ్బ తగ్గును. శాస్త్రము పేరెఱుగకయే మన రైతు దీనిని గ్రహించెను.

ఇక తిరుమల కొండదారి మాట. మొదటి ఘాటురోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. పాతదారిని బండ్లు దిగును, కొత్తదారిని ఎక్కును. పది టన్నుల బస్సు గంటకు 36 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 10 మీటర్లు, పోవుచున్న దనుకొందము. సమతలమున దానిని 5 సెకనులలో నిలుపుటకు సుమారు 2 టన్నుల బరువునకు సమానమగు బలము చాలును. గోడకు తగిలి సెకనులో పదవవంతున నిలిచినచో 100 టన్నుల బలము! బస్సు నిలిచినను లోపలివారి ద్రవ్యవేగము నిలువదు. వారిని ముందరి సీటు నిలుపవలసి వచ్చును.

బ్రేకు వేసిన ఆ 5 సెకనులలో బస్సు 25 మీటర్లు పోవును. వేగము రెట్టింపైనచో, అదే బ్రేకుతో 10 సెకనులు పట్టును. దూరము మాత్రము 100 మీటర్లగును. పల్లములో బస్సు బరువే ముందునకు లాగుచుండును గనుక ఇంకను పెరుగును. అందుచేతనే అనుభవజ్ఞుడగు డ్రైవరు చిన్న గేరు వేసి యింజనుచేతనే బండిని పట్టియుంచును. ఎడతెగక బ్రేకు త్రొక్కినచో అది వేడెక్కి పట్టు సడలును.

మలుపునందు వేగము మారకున్నను దిశ మారవలెను. దిశను మార్చుటకును బలమే కావలయును. ఆ బలమును టైర్లకును రోడ్డునకును నడుమ గల రాపిడి యిచ్చును. వాన కురిసిన దినమున అది తగ్గును. వేగము రెట్టింపైనచో నాలుగురెట్ల బలము కావలయును.

కొండదారికి కాలనియమము విధించి, మిక్కిలి త్వరగా దిగివచ్చుట తప్పని నిర్ణయించిరి. నా యభిప్రాయమున అది మంచి యేర్పాటే. అయినను అది దారి పొడవున సగటు వేగమునే కొలుచును. ఒక్కొక్క మలుపునందలి వేగమును కొలువజాలదు.