వ్రాత నేర్పడం నేర్చుకున్న రోజులు

ఉపాధ్యాయ శిక్షణలో చేరినవారికి మొదట అతి సులువుగా తోచి, తరువాత అతి కష్టమైనదిగా తెలిసివచ్చే పని ఒకటున్నది. అది ఒకటవ తరగతి పిల్లలకు వ్రాత నేర్పడం. మనకు వ్రాయడం వచ్చును గనుక నేర్పడం కూడా వచ్చుననే భ్రమతో తరగతిలో అడుగుపెడతాము. ఆ భ్రమ తొలగడానికి ఒక్క వారం చాలు.

కృష్ణగిరి జిల్లాలో హోసూరు వైపున ఉన్న ఒక తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలో ఛాత్రోపాధ్యాయినిగా నేను కొన్ని నెలలు పనిచేశాను. అక్కడ నేను చేసిన పొరపాట్లను, వాటి వలన గ్రహించిన విషయాలను మన సరిహద్దు పల్లెల తల్లిదండ్రులకు ఉపకరిస్తాయనే ఉద్దేశంతో ఇక్కడ వివరిస్తున్నాను. "మా పిల్లవాడికి పలక నిండా వ్రాయించడం లేదేమి?" అని బడికి వచ్చి అడిగే పెద్దలకు ఇందులో కొంత సమాధానం దొరకగలదు.

చక్కని పలక, చదవలేని బాలుడు

నా మొదటి పాఠంలో నల్లబల్లపై 'పలక', 'కలప', 'వల' అనే మూడు మాటలు గుండ్రంగా వ్రాశాను. పిల్లలందరూ తలలు వంచి పలకలు నింపారు. దస్తూరి ముచ్చటగా ఉన్నది. పాఠం బాగా జరిగినదని సంతోషించాను. వెనుక కూర్చొని గమనిస్తున్న పెద్ద అయ్యవారు లేచి వచ్చి నల్లబల్లను తుడిచివేశారు. ముందు వరుసలోని ఒక బాలుణ్ణి పిలిచి, "నీ పలకలో ఏముందో చదువు నాయనా" అన్నారు. వాడు పలకను చూశాడు, నన్ను చూశాడు, చివరకు "టీచర్ రాసింది" అన్నాడు.

"వీడు అక్షరం వ్రాయలేదమ్మా, నీ అక్షరానికి బొమ్మ గీశాడు" అన్నారు అయ్యవారు.

శిక్షణ పుస్తకాలలో చదివి పరీక్షలో వ్రాసిన విషయమే ఇది. అయినా ఆనాటి వరకు నాకు అర్థం కాలేదు. వ్రాతలో మూడు మెట్లున్నాయి. చూచి వ్రాయడం మొదటిది. ఇందులో కన్ను, చేయి పనిచేస్తాయి. విని వ్రాయడం, అనగా ఉక్తలేఖనం, రెండవది. ఇందులో ధ్వనికి, గుర్తుకు సంబంధం తెలియాలి. తన మనసులోని మాటను తానే వ్రాయడం మూడవది. దీనినే స్వీయరచన అంటారు. మొదటి మెట్టు మీదనే సంవత్సరాల తరబడి నిలబడిపోయిన పిల్లలు పేజీలకు పేజీలు నింపుతారు గాని, మామయ్యకు రెండు వాక్యాల ఉత్తరం వ్రాయమంటే వ్రాయలేరు. మూడవ మెట్టు పెద్ద తరగతులకు సంబంధించినదని అనుకోవడం సరికాదు. మొదటి మెట్టుతో పాటే అదీ ఆరంభం కావాలి.

ముందు చేయి సిద్ధం కావాలి

ఐదేళ్ల బిడ్డ బలపాన్ని పిడికిలితో పట్టుకుంటే మనకు కోపం వస్తుంది. కాని అది అలసత్వం కాదు. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తని మృదులాస్థి రూపంలో ఉండి, ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. వేళ్ల కండరాలు కూడా క్రమంగానే పట్టు చిక్కించుకుంటాయి. అటువంటి చేతితో గంటసేపు అక్షరాలు దిద్దించడం లేత ఎద్దును బరువైన బండికి కట్టడం వంటిది.

అందువలన మొదటి వారాలలో పిల్లలచేత బంకమట్టి పిసికించడం, చింతగింజలు ఏరించి వరుసలు పేర్పించడం, ముగ్గుపిండితో చుక్కలు కలిపించడం, నేలమీద సుద్దతో పెద్ద పెద్ద సున్నలు చుట్టించడం వంటివి చేయిస్తారు. తెలుగు అక్షరాలలో నిలువు గీతల కంటే వంపులు, చుట్లు అధికం. సున్న చుట్టడం, అరసున్న తిప్పడం చేతికి వచ్చిన పిల్లవాడికి సగం వర్ణమాల వచ్చినట్లే.

ఇది పరదేశపు పద్ధతి కాదు. మన వీధిబడులలో అయ్యవారు అక్షరాన్ని గుంటగా గీసి ఇస్తే, పిల్లలు ఆ గుంటలో వేలు త్రిప్పుతూ పైకి పలికేవారు. 'గుంట ఓనమాలు' అన్న మాట అలా వచ్చినదే. ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలో తెరచిన బాలల గృహంలో గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలపై పిల్లల వేళ్లను నడిపించారు. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. కన్ను, చెవి, వేలు ఒకేసారి అక్షరాన్ని గుర్తుపట్టాలన్న సూత్రం రెండింటిలోనూ ఒక్కటే.

ఏ అక్షరం ముందు?

'అ, ఆ, ఇ, ఈ' అంటూ వరుసగా నేర్పకపోతే అది చదువేనా అని పెద్దలు అడుగుతారు. వర్ణమాల వరుస చాలా శాస్త్రీయమైనది. కంఠం నుంచి పెదవుల దాకా ధ్వనులు పుట్టే స్థానాలను బట్టి హల్లులను వర్గాలుగా అమర్చిన క్రమం అది. నోటికి పాటగా నేర్పడానికి దానికి మించినది లేదు. కాని వ్రాతకు ఆ వరుస అనువు కాదు. 'ఈ', 'ఋ' వంటి మెలికల అక్షరాలు ఆరంభంలోనే ఎదురవుతాయి. వాటితో చిన్న మాటలు కూడా ఎక్కువగా కట్టలేము.

అందుచేత పద పద్ధతిని అనుసరిస్తారు. 'పలక' అనే మాట తీసుకుంటే ప, ల, క మూడు వస్తాయి. 'తల' చేర్చితే త వస్తుంది. 'వల' చేర్చితే వ వస్తుంది. ఈ ఐదు అక్షరాలతోనే 'కల', 'కలప', 'వలక', 'తపతప' అని పిల్లలు తామే కలుపుకుంటూ పోతారు. కలిపిన మాటలకు కొన్నిసార్లు అర్థం ఉండదు. దానికి తరగతి అంతా నవ్వుతుంది. ఆ నవ్వులో చదువు ఉన్నది.

ఆకారాలను బట్టి నేర్పే మార్గం మరొకటి. 'ద' క్రింద వత్తు గీత చేరితే 'ధ'. దాని కడుపులో చుక్క పెడితే 'థ'. 'బ' నుంచి 'భ', 'ప' నుంచి 'ఫ', 'ష' అలాగే పుడతాయి. చేతికి ఇది తేలిక. కాని ఇక్కడొక చిక్కున్నది. చేతికి దగ్గరి అక్షరాలు కంటికి కూడా దగ్గరివే గనుక, ఒకే రోజు 'ప', 'వ' రెండింటినీ పరిచయం చేస్తే పిల్లలు తారుమారు చేస్తారు. ఒకటి బాగా నిలిచిన తరువాతనే రెండవది చూపాలి. నేను ఈ నియమం తెలియక ఒకే దినం రెండూ చెప్పి, తరువాత పది దినాలు సరిదిద్దవలసి వచ్చినది.

మూడు లిపుల నడుమ పసిబిడ్డ

మన సరిహద్దు బిడ్డల సమస్య పుస్తకాలలో కనబడదు. హోసూరు ప్రాంతంలో ఇంట తెలుగు, పక్కింట కన్నడం, బస్సు మీద తమిళం. పిల్లల తప్పులను నేను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకుంటూ వచ్చాను. కొన్నాళ్లకు వాటిలో ఒక క్రమం కనిపించినది.

'గాలి' అని చెబితే కొందరు 'కాలి' అని వ్రాశారు. 'బడి' అంటే 'పడి' అయినది. 'దారి' కాస్తా 'తారి' అయినది. మొదట అశ్రద్ధ అనుకున్నాను. కాని తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ట, త, ప వర్గాలలోనూ అంతే. ఉదయం తమిళ పాఠంలో ఆ నియమం నేర్చుకున్న బిడ్డ మధ్యాహ్నం తెలుగులో దానినే పాటించినది. అది బుద్ధిమాంద్యం కాదు, బుద్ధి పనిచేస్తున్నదనడానికి నిదర్శనం. 'అమ్మ' అనే మాటను 'అమ్‌మ' అని వ్రాసినవారూ ఉన్నారు. తమిళంలో మన వత్తుల వంటివి లేవు. పొల్లు హల్లుపై చుక్క పెట్టి తరువాతి అక్షరాన్ని పక్కనే వ్రాస్తారు. తమిళంలో ఎకారపు గుర్తు అక్షరానికి ఎడమవైపు వస్తుంది గనుక, తెలుగు ఎత్వాన్ని కూడా అక్షరానికి ముందుగా పెట్టబోయినవారున్నారు.

కన్నడం తీరు వేరు. గ, ద, న, ర, బ వంటివి రెండు లిపులలోనూ అక్కచెల్లెళ్లు. తేడా ముఖ్యంగా తలకట్టులో కనబడుతుంది. కన్నడంలో అది అడ్డగీత వలె సాగుతుంది, తెలుగులో టిక్కు గుర్తు వలె లేస్తుంది. 'కీ', 'కే' వంటి వాటిలో కన్నడ దీర్ఘం అక్షరానికి కుడిపక్కన వస్తుంది, మనకు పైన వస్తుంది. 'అర్క' వంటి మాటలలో రకారాన్ని కన్నడంలో తరువాతి అక్షరానికి కుడివైపున ఒక గుర్తుగా వ్రాస్తారు. మన తాతల కాలపు తెలుగులో వలపలగిలక అదే పని చేసేది.

కారణం తెలిసిన పిదప తప్పును దిద్దడం సులువైనది. 'గాలి', 'కాలి' రెండు బొమ్మలు గీసి పక్కపక్కన పెట్టాను. "బడికి పోతా, పడి పోతా" అని పలికించి, రెండింటినీ వ్రాయించాను. పిల్లలు పడిపడి నవ్వారు. మరునాటి నుంచి ఆ తప్పు బాగా తగ్గినది.

ఎర్ర సిరా చేసిన హాని

రెండవ తరగతిలో ఒక బాలిక ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఒకనాడు తనంత తానే రెండు వాక్యాలు వ్రాసి తెచ్చినది: "మా ఆవు ఈనింది. దూడ తెల్లగా ఉండాది." 'దూడ' అన్నచోట 'తూడ' అని ఉన్నది. నేను ఎర్ర కలంతో 'తూ' కొట్టివేసి 'దూ' అని, 'ఉండాది' కొట్టివేసి 'ఉంది' అని దిద్ది ఇచ్చాను. దూడ గురించి ఒక్క మాట అడగలేదు. ఆ తరువాత రెండు వారాలు ఆ బిడ్డ చూచివ్రాత తప్ప మరేమీ వ్రాయలేదు.

నా పాఠ్యబోధన దినచర్యలో ఈ సంగతి వ్రాసినప్పుడు అయ్యవారు చదివి, "ఉండాది తప్పని నీకెవరు చెప్పినారు? మీ అవ్వ ఏమనేది?" అని మాత్రం అడిగారు. మా అవ్వ కూడా 'ఉండాది' అనే అనేది.

న్యూజిలాండులో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్ తన అనుభవాలను 1963లో 'టీచర్' అనే గ్రంథంగా వెలువరించారు. పిల్లలకు ప్రాణమైన మాటలు ఏవో వారినే అడిగి, ఆ మాటలతోనే చదువును, వ్రాతను ఆమె ఆరంభించారు. ఆ బాలికకు ప్రాణమైన మాట దూడ. మరునాడు నేను ఆమె పక్కన కూర్చొని దూడకు ఏమి పేరు పెట్టారని అడిగాను. చాలాసేపటికి "మల్లి" అన్నది. ఆ పేరును పలకపై వ్రాసి ఇచ్చాను. కొన్నాళ్లకు ఆమె మల్లి గురించి ఐదు వాక్యాలు వ్రాసినది. తప్పులున్నాయి. వాటిలో ఒక్కదానిని మాత్రమే ఎంచుకొని, మరునాడు తరగతి అంతటికీ పాఠంగా చెప్పాను. ఆమె పుస్తకంపై గీత పెట్టలేదు.

ఇంటి మాట తప్పు కాదు. పుస్తకపు మాట మరొక రూపం. రెండూ పిల్లలకు రావాలి. కాని మొదటిదానిని కొట్టివేసి రెండవదానిని నిలబెట్టలేము.

ఇది ఎందుకు ముఖ్యం?

భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. రాష్ట్రాల పునర్విభజన జరిగిన 1956లోనే 7వ సవరణ ద్వారా దీనిని చేర్చారు. తమిళనాడులో 2006 నాటి చట్టం ఆ విద్యాసంవత్సరం ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసినది. ఉన్న రాష్ట్రపు భాషను నేర్చుకోవడం మన పిల్లలకు ఎంతో అవసరం, అందులో సందేహం లేదు. కాని దానితో పాటు తెలుగు వ్రాత కూడా నిలవాలంటే మొదటి మూడు తరగతులే కీలకం. అప్పుడు చేతికి రాని అక్షరం, పై తరగతులలో పాఠాల బరువు పెరిగిన పిదప వచ్చే అవకాశం చాలా తక్కువ. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు పెళ్లిపత్రికను ఇతరులచేత చదివించుకునే పెద్దలు మన పల్లెలలో ఎందరో ఉన్నారు.

ఇంటిలో చేయదగినవి

పలక నిండినదా అని అడగకండి. పలకలో ఏముందో చదివి వినిపించమనండి. చదవలేకపోతే కోప్పడక, మరునాడు బడిలో చెప్పండి.

అంగడికి తేవలసిన సరుకుల జాబితాను పిల్లలచేత వ్రాయించండి. ఉప్పు, పప్పు, బెల్లం అనే మూడు మాటలలోనే మూడు వత్తులు వస్తాయి.

అవ్వ చెప్పే సామెతను, తాత చెప్పే పొలం సంగతిని ఒక్క వాక్యంగా వ్రాసుకోమనండి. అవ్వ పలికినట్లే వ్రాయనివ్వండి.

తమిళ, కన్నడ అక్షరాలతో తెలుగు కలిసిపోతే భయపడకండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా చూపించండి. ఒక భాష నేర్పడానికి మరొక భాషను మాన్పించనవసరం లేదు.

వేళ్లు నొప్పి పుట్టేంతగా వ్రాయించకండి. రోజూ పదిహేను నిమిషాలు, ఇష్టంతో వ్రాసినది చాలు.

నా శిక్షణ చివరి వారంలో ఆ బాలిక తండ్రి బడికి వచ్చారు. ఆయన తమిళ మాధ్యమంలో చదివినవారు; ఇంట మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం తెలియదు. "మా పాప ఏమో రాసినాదంట, నాకు తెలియదు గదమ్మా" అన్నారు. బాలిక పుస్తకం తెరచి మల్లి కథను తండ్రికి చదివి వినిపించినది. విన్న తరువాత ఆయన పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని, "ఇందులో మల్లి అనేది యాడుండాది?" అని అడిగారు. ఆమె వేలు పెట్టి చూపించినది. ఆయన తన వేలితో ఆ రెండక్షరాలనూ ఒకసారి దిద్దారు.