ఉత్తరం అందుకున్నవాళ్ళు ఎందుకు మాట్లాడరు?

మొన్న ఆదోనిలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి అడిగింది: "సార్, కథల్లో ఒకరు మనసు విప్పి అంత పెద్ద ఉత్తరం రాస్తారు. అందుకున్నవాళ్ళు ఒక్క మాటైనా అనరేంది?" మంచి ప్రశ్న. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు స్టెఫాన్ త్స్వైగ్ 1922లో రాసిన 'అపరిచిత స్త్రీ లేఖ' చూద్దాం. వియన్నాలో ఒక పేరున్న నవలా రచయిత. సరిగ్గా తన నలభై ఒకటో పుట్టినరోజున ఆయనకి పేరు లేని ఉత్తరం వస్తుంది. రాసినామె పదమూడో ఏట నుంచీ ఆయన్నే ప్రేమించింది. ఇద్దరికీ పుట్టిన బిడ్డ చనిపోయాడు. నేనూ చనిపోతేనే ఈ ఉత్తరం నీకు చేరుతుంది అంటుంది. అంతా చదివినా ఆయనకి ఆమె ముఖం గుర్తు రాదు. ఏటా పుట్టినరోజుకి తెల్లగులాబీలతో నిండే పూలకూజా మాత్రం ఆ రోజు ఖాళీగా కనపడుతుంది.

ఇక్కడ ఆయన "క్షమించు" అని ఉంటే ఏమయ్యేది? లెక్క వాళ్ళిద్దరి మధ్యే తీరిపోయేది. మనం పుస్తకం మూసి నిద్రపోయేవాళ్ళం. ఆయన మాట్లాడలేదు కాబట్టి ఆ బరువు మన మీద పడింది. ఆయన కుర్చీలో ఇప్పుడు మనం కూర్చున్నామన్నమాట.

మన గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు'లో ఇది తిరగబడుతుంది. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావుకి బల్ల మీద భార్య కమలిని ఉత్తరం దొరుకుతుంది. పుట్టింటికి వెళ్తున్నానని ఉంటుంది. చదివినాయన కుదేలై, తన తప్పు తానే ఒప్పుకుంటాడు. ఆమేమో మంచం కిందే దాక్కుని అంతా వింటోంది! అంటే ఒప్పుకోలు ఉత్తరంలో లేదు, అందుకున్నవాడి నోట్లోంచి వచ్చింది. మౌనంగా విన్నది, రాసిన మనిషి.

రెండు కథల్లోనూ సూత్రం ఒకటే. ఎదుటివాళ్ళు అడ్డుపడనప్పుడే మనిషి పూర్తిగా నిజం చెప్తాడు.

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో, మా వీధిలో మగ్గం నేసే ఒక తాత ఉండేవాడు. కొడుకు గుంటూరు వైపు మిరపకోతకి, మన భాషలో సుగ్గికి, పోయినాడు. ఒక రోజు ఇన్‌లాండ్ లెటర్ వస్తే నన్ను చదవమన్నాడు. నూలుకని దాచిన డబ్బులు మట్కాలో పోగొట్టింది నేనే అని కొడుకు రాసినాడు. మగ్గం ఆగిపోయింది. తాత ఉలకలేదు, పలకలేదు.

"ఇంగోసారి సదువు" అన్నాడు. చదివినాను. "జవాబు రాయమంటావా తాతా?" అని అడిగితే, "ఏం రాస్తాంలేప్పా, వాన్ని రానీ" అన్నాడు. మళ్ళీ మగ్గం మొదలైంది.

ఆ మౌనం కోపమో, క్షమాపణో నాకు ఇప్పటికీ తెలీదు. గుంటూరులో జవాబు కోసం ఎదురుచూసిన కొడుక్కీ తెలిసుండదు. కథల్లో ఉత్తరం అందుకున్న మనిషి పలకనప్పుడు, కాసేపు అక్కడ ఆగండి. రచయిత మిమ్మల్నే అడుగుతున్నాడు: నువ్వైతే ఏం జవాబు రాస్తావు?

ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.